రూపాయికి ఎన్ని మార్కులు

నేను కరీంనగర్‌కు తిరిగి వచ్చి పది రోజులవుతోంది. పొద్దున నడకకు పోయిన ప్రతిసారీ మా లక్ష్మీనర్సయ్య ఒకటే అడుగుతున్నాడు. "సారూ, మీ రూపాయికి ఎన్ని మార్కులొచ్చినయ్?" నడుస్తూ చెప్పే సంగతి కాదు కనుక కూర్చుని రాస్తున్నాను. ఆయన చదువుతాడు. ఆయనతో పాటు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఎప్పుడూ బస్సు కిటికీలోంచి తప్ప చూడనివాళ్లు కూడా చదవొచ్చు.

సంగతి ఇది. నా దగ్గర నిజాం కాలం నాటి వెండి రూపాయి ఒకటి ఉంది. దాని మీద చార్మినార్ బొమ్మ, ఆ చార్మినార్ గుమ్మంలో చీమంత ఉర్దూ అక్షరం. ఇరవై ఎనిమిదేళ్లుగా దాన్ని దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో దాచుకున్నాను. ఉండగా ఉండగా నల్లబడి పెనం అడుగులా తయారైంది. పాత నాణేలు పోగుచేసేవాళ్లకు ఆ నలుపే అందం. దాన్ని కడగకూడదు, రుద్దకూడదు, వేలితో గట్టిగా పట్టుకోకూడదు కూడా. వందేళ్ల వయసు దాని ఒంటి మీద కనబడాలని మా నమ్మకం.

లక్ష్మీనర్సయ్య నాలాంటివాడే. పోయినేడు తన రాణి బొమ్మ రూపాయిని గ్రేడింగుకు పంపాడు. అక్కడ ఎవరో భూతద్దం కింద పెట్టి చూసి, డెబ్భైకి ఇన్ని అని మార్కులు వేసి, మళ్ళీ తెరవడానికి వీల్లేని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి పంపిస్తారు. ఆయన దానికి అరవై రెండు వచ్చాయి. అప్పటి నుంచి ఆ డబ్బాను జేబులో వేసుకుని నడకకు వస్తాడు. ముప్పై ఐదేళ్లు లెక్కల టీచరుగా ఊళ్లవాళ్ల పిల్లలకు మార్కులు వేసిన నాకు, నా రూపాయికే మార్కులు లేవనే దిగులు పట్టుకుంది. మా ఆవిడ మాత్రం, "గా పైసలతోని మిక్సీ బాగుచేపియ్యి" అంది.

పంపాలా వద్దా అని నేను ఆరు నెలలు ఊగిసలాడాను. డబ్బాలో పెడితే ఇక చేత్తో తాకే వీలుండదు. పెట్టకపోతే లక్ష్మీనర్సయ్య జేబు వైపు చూస్తూ చావాలి. ఈలోగా, గ్రేడింగుకు నాణేలు తీసుకుపోయే ఏజెంటు ఒకాయన నెలకోసారి ఆదివారం కోదాడలో లాడ్జిలో దిగుతాడని తెలిసింది. కోదాడకు ముందు సూర్యాపేటలో మా చెల్లెలు సుగుణ ఉంది. కోదాడ తర్వాత మిర్యాలగూడలో ఆ రూపాయి నాకు ఇచ్చిన లచ్చమ్మ ఉంది. ఇంతకంటే మంచి దారి దొరకదనుకుని అగ్గిపెట్టె లోపలి జేబులో పెట్టుకుని బయలుదేరాను.

సూర్యాపేట: తపాలచెక్క

జనగామలో బస్సు మారాను. బస్సు నిండా ఆడవాళ్లు, అందరివీ జీరో టికెట్లు. డబ్బులిచ్చి టికెట్ కొన్న నలుగురం మగవాళ్లం రాడ్డు పట్టుకుని నిలబడ్డాం. తిరుమలగిరి దగ్గర ఒక పెద్దామె నా తెల్ల జుట్టు చూసి జరిగింది. "గీడ కూసోండ్రి సారు. నా టికెట్టు ఫ్రీ, సీటు గూడ ఫ్రీనే" అంది. నేను పదికి పది మార్కులు వేసి కూర్చున్నాను.

సుగుణ సూర్యాపేటకు కోడలుగా వచ్చి ఇరవై తొమ్మిదేళ్లు. మా కరీంనగర్‌లో సర్వపిండి అంటాం. బియ్యప్పిండిలో శనగపప్పు, నువ్వులు, ఉల్లాకు కలిపి గిన్నె అడుగున ఒత్తి కాలుస్తాం. ఇక్కడ అదే పిండి, అదే గిన్నె, పేరు మాత్రం తపాలచెక్క. చిన్నప్పుడు సర్వపిండి కోసం నాతో కొట్లాడిన పిల్ల, ఇప్పుడు "తపాలచెక్క తిను అన్నా" అంటుంటే కొంచెం పరాయిదనిపించింది. తిన్నాక ఆ అనుమానం పోయింది. అంచులు కరకరలాడుతూ, నడుమ మెత్తగా, అచ్చం మా అమ్మ చేసినట్టే ఉంది.

తింటూ ఉండగా రూపాయి కథంతా చెప్పాను. ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నది.

"రూపాయికి మార్కులా? ఎవలు ఏస్తరు?"

"పెద్దపెద్దోళ్లు ఉంటరు. అద్దం పెట్టి నాలుగు దిక్కుల సూస్తరు."

"అయితే మంచిగ కనవడాలె గద."

"కనవడాలె మరి" అన్నాను. ఆ మాట ఎక్కడికి దారితీస్తుందో తెలియక ఇంకో ముక్క వేయించుకున్నాను.

పొద్దున లేచి చూస్తే దిండు పక్కన అగ్గిపెట్టె ఖాళీగా ఉంది. ఇల్లంతా వెతికాను. దేవుడి గూటి దగ్గరికి పోయి చూద్దును కదా, స్టీలు పళ్లెంలో నా రూపాయి ఉంది. కొత్త చెమ్చాలా తళతళలాడుతోంది. చార్మినార్ నడుమ కుంకుమ బొట్టు, అంచున పసుపు. సుగుణ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ముఖం నిండా సంబరం.

"చింతపండు, బూడిద పెట్టి తోమిన అన్నా. ఎంత మురికి పోయిందో సూడు. పెండ్లిచూపులకు పోయే పిల్లను మొఖం కడగకుంట పంపుతమా?"

నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. పడమటింటి వాళ్లు కూడా వచ్చి గోడ మీంచి చూశారన్నది మాత్రం రాయాలి. రూపాయి ఖరాబు చేసినవన్నాను. ఇన్నేళ్లు దాచింది ఒక్క పూటల ఖతం చేసినవన్నాను. ఆపై నోరు ఆగక, "సదువు లేనోళ్ల ఇంట్ల దిగుడే నాది తప్పు" అన్నాను.

సుగుణ పళ్లెంలోంచి రూపాయి తీసి, బొట్టు తుడిచి, నా చేతిలో పెట్టింది. పొయ్యి మీద ఉప్మా ఉంది. ఎంగిలి పడకుండా ఆ ఇంట్లోంచి బయటికి నడవడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఆమె ఏడో తరగతిలో బడి మానేసింది. నాకు బీఎడ్‌లో సీటొచ్చిన ఏడాది అది. ఇద్దరినీ చదివించే స్తోమత ఇంట్లో లేదు. ఈ సంగతి నాకు బస్టాండుకు పోతుంటే గుర్తొచ్చింది, కానీ అప్పటికి కోపం ఇంకా వేడిగానే ఉంది.

కోదాడ: భూతద్దం కింద

కోదాడలో దిగగానే గాలి ఆంధ్ర వైపు తిరుగుతుంది. టిఫిన్ బండి దగ్గర కుర్చీ చూపించి "ఏం కావాలండీ" అన్నారు. మా ఊళ్లో అయితే "ఏం కావాలె" అని ప్లేటు చేతిలో పెడతారు. నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు. పైన కారప్పొడి, ఆ పొడి మీద నెయ్యి, పక్కన అల్లం చట్నీ. పదికి ఎనిమిది వేశాను. తగ్గిన రెండూ ఇడ్లీ తప్పు కాదు, నా కోపానివి. తింటుండగా సుగుణ ఫోన్ చేసింది. కట్ చేశాను. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశాను.

లాడ్జి గది ముందు ఆరుగురు వరుసలో ఉన్నారు. నా ముందున్నాయన గుప్పెడు పది రూపాయల బిళ్లలు తెచ్చాడు. అవి పాతవేమీ కావు. ఊళ్లో ఏ కొట్టువాడూ తీసుకోవడం లేదని, ఈయనైనా తీసుకుంటాడేమోనని తెచ్చాడట. ఏజెంటు యాభై ఏళ్ల మనిషి, విజయవాడ వైపు మాట. బల్ల మీద తెల్లగుడ్డ, చిన్న త్రాసు, భూతద్దం. నా రూపాయిని అంచులు మాత్రమే పట్టుకుని దీపం కింద తిప్పాడు.

"ఎప్పుడు కడిగారండీ మాస్టారూ?"

"ఇయ్యాల పొద్దున."

"చింతపండేనా?"

"బూడిద గూడ."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నెలకి పది మందైనా వస్తారండీ ఇలా. మనవాళ్లు నాణేన్ని ఉన్నదున్నట్టు తీసుకురారు. స్నానం చేయించి, బొట్టు పెట్టి మరీ తెస్తారు. నేను ఫోన్లో ముందే చెబుతాను, కడగొద్దండీ అని. సరే అంటారు. తీరా ఇంట్లో ఆడవాళ్లు చూసి, ఇంత నల్లగా ఎలా పంపిస్తామంటారు."

"ఇప్పుడు మార్కులు రావా?"

"అంకె వెయ్యరండీ. కడిగింది అని రాసి డబ్బాలో పెడతారు. ఫీజు మాత్రం అదే, రెండు వేల చిల్లర." అని భూతద్దం నా వైపు జరిపాడు. "ఇదిగో, ఈ సన్నగీతలు చూడండి. ఇది ఒక్కసారి తోమింది కాదు మాస్టారూ. చాలాసార్లు తోమారు."

నా కళ్ల ముందు సుగుణ కనబడింది. కొళాయి దగ్గర కూర్చుని ఒకసారి కాదు, పదిసార్లు తోమి ఉంటుంది. అన్న రూపాయి కదా, ఇంకొంచెం మెరవాలని. చల్లారుతున్న కోపం మళ్ళీ రాజుకుంది. పంపేదీ లేనిదీ రేపు ఫోన్ చేసి చెబుతానని లేచాను. ఇరవై ఎనిమిదేళ్ల నలుపు ఒక్క పొద్దున పోయింది. అరవై రెండు మార్కుల ముందు "కడిగింది" అని రాసిన డబ్బాతో నిలబడే ధైర్యం నాకు లేదు.

హుజూర్‌నగర్: ట్రాక్టర్ నోటు

మిర్యాలగూడ బస్సు కోసం హుజూర్‌నగర్‌లో ఆగాల్సి వచ్చింది. బెంచీ మీద అగ్గిపెట్టె తెరిచి రూపాయిని చూసుకుంటుంటే, పక్కన కూర్చున్న ముసలాయన తొంగి చూశాడు. గరిడేపల్లి దగ్గర రైతట. రొంటిన దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఒక ఐదు రూపాయల నోటు తీశాడు. దాని మీద ట్రాక్టర్ బొమ్మ.

"దీనికి లచ్చలిస్తరట. మా మనుమడు ఫోన్ల సూపిచ్చిండు."

"అది మోసం పెద్దాయనా. దానికి ఐదు రూపాయలే ఇస్తరు."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. నోటు కొట్టేయాలని నేను ఎత్తు వేస్తున్నానని తేల్చుకున్నట్టున్నాడు.

"సరే, యాభై ఇస్త. నాకిస్తవా?" అన్నాను.

"అబ్బో, ఇయ్య. నువ్వు గంతగనం అడుగుతున్నవంటెనే తెలుస్తలేదా?" అని నోటు మళ్ళీ రొంటిన దోపుకున్నాడు.

తెలివితేటలకు ఆయనకు నూటికి సున్నా వేసి నవ్వుకున్నాను. తర్వాత నా చేతిలోని అగ్గిపెట్టె చూసుకున్నాను. నవ్వు ఆగిపోయింది. బస్సు వచ్చేదాకా ఇద్దరం మా మా ఆస్తులు పట్టుకుని కూర్చున్నాం.

మిర్యాలగూడ: నల్ల బూడిద

మా కరీంనగర్‌లో గ్రానైట్ దుమ్ము తెల్లగా పడుతుంది. మిర్యాలగూడలో రైసుమిల్లుల ఊక బూడిద నల్లగా పడుతుంది. ఆటో దిగి నాలుగడుగులు వేసేసరికి నా తెల్ల చొక్కా మీద నువ్వులు చల్లినట్టు అయింది. దులిపితే పోదు, మరింత అంటుకుంటుంది. అలాగే పద్మ ఇంటికి చేరాను.

పద్మ నా పాత విద్యార్థి. తుంగతుర్తి దగ్గర ఒక ఊళ్లో నేను పనిచేసినప్పుడు పదో తరగతి చదివింది. వాళ్లది గొర్రెల మంద. పొద్దున మంద తోలి బడికి వచ్చేది. లెక్కలంటే దానికి చలిజ్వరం. ఆరు నెలలు సాయంత్రాలు కూర్చోబెట్టి చెబితే ముప్పై ఆరు మార్కులతో గట్టెక్కింది. ఫలితాలు వచ్చిన రోజు వాళ్లమ్మ లచ్చమ్మ బడికి వచ్చి, ఈ రూపాయి నా చేతిలో పెట్టి, వద్దంటే వినకుండా పోయింది. ఇప్పుడు పద్మ దవాఖానాలో నర్సు. లచ్చమ్మకు డెబ్భై దాటి ఉంటాయి. నడుం కొంచెం వంగింది, గొంతు మాత్రం గొర్రెలను అదిలించే గొంతే.

బోటీ కూర వండారు. మటన్ కిలో తొమ్మిది వందలకు ఎక్కిందని లచ్చమ్మ వడ్డిస్తున్నంతసేపూ తిట్టింది. "మంద మేపినోళ్లం, ఇప్పుడు కొనుక్కొని తింటున్నం. గిదేం కాలం సారు." కూరకు మార్కులు వేయాలన్న ఆలోచన కూడా రాలేదు. రెండుసార్లు వేయించుకున్నాను.

చేతులు కడుక్కున్నాక రూపాయి తీసి ఆమె ముందు పెట్టాను. మార్కుల సంగతి, డబ్బా సంగతి, కోదాడ సంగతి అన్నీ చెప్పి, "నువ్వు ఇచ్చింది పాడుచేసిన లచ్చమ్మా" అన్నాను.

ఆమె రూపాయిని వెలుతురుకు పట్టుకుని చూసింది.

"ఏం పాడైంది? మంచిగనే ఉన్నది గద."

"నల్లగ ఉండాలమ్మా అది. పాతకాలందని తెల్వాలె."

"నల్లగెందుకుండాలె? మా ఇంట్ల ఒక్కనాడన్న నల్లగున్నదా? ఇది లచ్చిమి రూపాయి. దీపావళి వచ్చిందంటె మా అత్త తోమేది, మా అత్త పోయినంక నేను తోమిన. చింతపండు, బూడిద. మీకు ఇచ్చిన నాడు గూడ తోమే ఇచ్చిన సారు. యాదికి లేదా?"

యాదికి లేదు. అప్పటికది నాకు ఉత్త రూపాయి. నాణేల పిచ్చి పట్టింది తర్వాత కదా.

"మీ దగ్గరికి వచ్చినంకనే నల్లవడ్డట్టున్నది" అని లచ్చమ్మ తేల్చేసింది. "తోమేటోళ్లు లేక."

అప్పుడు ఏజెంటు మాట గుర్తొచ్చింది. చాలాసార్లు తోమారు. నిజమే. రెండు తరాల అత్తాకోడళ్లు తోమారు. నేను వందేళ్ల వయసు అని మురిసిన నలుపు రూపాయిది కాదు, నా అగ్గిపెట్టెది. అగ్గిపుల్లల గంధకం వెండిని నల్లగా చేస్తుందని మా బళ్లో సైన్సు సారు చెబుతుంటే, పక్క గదిలో లెక్కలు చెబుతూ నేనే విని ఉంటాను.

పద్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. "నన్ను గూడ క్లాసుల మొద్దు మొద్దు అని శానసార్లు అన్నరు సార్. పాసైనంక మా అమ్మతోని మాత్రం 'నీ బిడ్డ మంచిగ సదివింది' అన్నరు. గా ఒక్క మాటకు రూపాయి ఇచ్చింది."

లచ్చమ్మ నవ్వలేదు. "ఎవలు తోమిండ్రు సారు?"

"మా చెల్లె."

"ఆమెను ఏమన్న అన్నరా?"

నేను నేల చూశాను.

"అన్నరు" అంది ఆమె. అడగడం కాదది, తీర్పు. రూపాయిని నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. "ముందుగల గది సక్కవెట్టుకోండ్రి. డబ్బాల పెడ్తరో, బొంద పెడ్తరో తర్వాత."

నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, బ్లాక్‌బోర్డు మీద లెక్క తప్పు చేసి, దాన్ని వెనక బెంచీ పిల్ల దిద్దితే వచ్చే సిగ్గు. పొద్దున్నే కోదాడకు ఫోన్ చేసి రూపాయి పంపడం లేదని చెప్పాను. ఏజెంటు, "మంచి పని మాస్టారూ, రెండు వేలు మిగిలాయి" అన్నాడు. ఆయన వ్యాపారం ఎలా నడుస్తుందో నాకు అర్థం కాలేదు.

మళ్ళీ సూర్యాపేట

బస్సు దిగి సరాసరి ఇంటికి పోలేదు. ధైర్యం చాలక మార్కెట్లో తిరిగాను. కిలో చింతపండు కొన్నాను. గింజ తీసింది రెండు వందల ఇరవై అన్నాడు, రెండు వందలకు ఇచ్చాడు. ఏ కొట్టులోనూ ఇంత తక్కువ బేరమాడలేదు నేను.

సుగుణ తలుపు తీసి, పక్కకు జరిగింది. పళ్లెం పెట్టి "తిను" అంది. అంతే. తిన్నాను. చెయ్యి కడుక్కుని చింతపండు పొట్లం ఆమె ముందు పెట్టాను.

"ఏందిది?"

"తప్పయింది సుగుణా" అన్నాను. లచ్చమ్మ చెప్పిందంతా దాచకుండా చెప్పాను.

ఆమె పొట్లం విప్పలేదు. "రూపాయి ఖరాబైందని తిట్టినవు, తిట్టు. అడగకుంట తోమిన, నాది గూడ తప్పే. సదువు సంగతి ఎందుకు తీసినవ్ అన్నా? నేను ఎందుకు బంద్ వెట్టిన్నో నీకు తెల్వదా?"

"తెలుసు."

"తెలిసే అన్నవా?"

నా కళ్లు తడిశాయి. రూపాయిని ఆమె చేతికి ఇచ్చి, "ఇది ఇగ నీ దగ్గర్నే ఉండాలె. దీపావళికి తోమేటోళ్ల ఇంట్ల ఉండాలె" అన్నాను.

తీసుకుంది. బొట్టు పెట్టి గూట్లో పెట్టింది. నేను హాయిగా ఊపిరి పీల్చుకుని మంచం వైపు నడవబోయాను.

"యాడికి?" అంది. లోపలికి పోయి ఇత్తడి దీపపు కుందులు రెండు, చెంబు ఒకటి, హారతి పళ్లెం ఒకటి తెచ్చి కొళాయి దగ్గర పెట్టింది. పాత స్టీలు గిన్నెలో నా చింతపండే నానేసింది. "సదువుకున్నోనివి గద. తోము. ఇది ఎంత పనో జర తెల్వాలె."

తోమాను. బూడిద కళ్లల్లో పడింది, మోచెయ్యి నొప్పి పుట్టింది, ప్యాంటు తడిసింది. పక్కింటామె గోడ మీంచి, "మీ అన్న కోపం దిగిందా సుగుణా" అని అడిగింది. "దిగింది, తోముతున్నడు" అని జవాబిచ్చింది మా చెల్లె. అరగంటకు చెంబును బంగారంలా చేశానని నాకు నమ్మకం కుదిరి, తీసుకుపోయి చూపించాను.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. కోదాడ ఏజెంటులాగే వెలుతురుకు పట్టి నాలుగు దిక్కులా తిప్పింది. మెడ లోపల వేలు పెట్టి తీసి చూసుకుంది.

"ముప్పై నాలుగు" అంది.

"ముప్పై నాలుగు అంటె ఫెయిల్ గదనే."

"నాకు తెలుసు. ఏడుదాక సదివిన."

లక్ష్మీనర్సయ్యా, నువ్వు అడిగిన మార్కులు ఇవీ. రూపాయికి రాలేదు, నాకొచ్చాయి. చెంబు తీసుకుని మళ్ళీ కొళాయి దగ్గరికి పోయి కూర్చున్నాను.